పికప్‌కి లిఫ్ట్ కిట్ మీరే బిగించుకోవాలంటే

లిఫ్ట్ కిట్ అంటే బండిని పైకి లేపే స్ప్రింగులు, షాకబ్జర్ల సెట్. అది కొనడానికి ముందు బండిని ధరమ్ కాంటా ఎక్కించండి. ఆటోనగర్ వైపు వెళ్తే లారీలు తూచే కాంటాలు దొరుకుతాయి. ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీద ఉంచి ఒక తూకం, బండి మొత్తం ఎక్కించి ఇంకో తూకం తీయించండి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే వెనక యాక్సిల్ మీద పడే బరువు తేలుతుంది. ట్యాంకు నిండా డీజిల్ ఉండాలి. మీరు రోజూ వేసుకు తిరిగే సామాను డాలాలోనే, అంటే వెనక తొట్టిలోనే ఉండాలి. ఈ అంకెలు చేతిలో లేకుండా షాపుకి వెళ్తే కౌంటర్ దగ్గర అడిగేది ఒక్కటే: "ఎన్ని ఇంచులు కావాలన్నా?" ఎన్ని కిలోలు అని అడిగే షాపు దొరికితే అక్కడే కొనండి.

ఇక్కడ ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి బండ్ల గురించే చెబుతున్నాను. రెంటికీ ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా పట్టుకునే రెండు ఆర్మ్‌లు) మీద కాయిల్ స్ప్రింగు, వెనక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు). థార్ వాళ్లకి వెనక కూడా కాయిల్ స్ప్రింగే కాబట్టి ఆ పని వేరు. వి-క్రాస్ తయారయ్యేది మన పక్కనే శ్రీసిటీలో. దానికి మంచి స్ప్రింగులు మాత్రం ఆస్ట్రేలియా నుంచి రావాలి. ఓల్డ్ మ్యాన్ ఎము, ఐరన్‌మ్యాన్ రెండూ అక్కడి పేర్లే. ఆ దేశంలో ఈ పికప్పులు ఊరూరా తిరుగుతాయి, ముందు ఇనుప బుల్ బార్ (బంపర్ చోట పెట్టే బరువైన గార్డు), దాని వెనక వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) మామూలు. అందుకే వాళ్ల కేటలాగ్‌లో ముందు స్ప్రింగు రెండు మూడు రకాలుగా ఉంటుంది: మామూలు బంపర్‌కి ఒకటి, బుల్ బార్‌కి ఒకటి, బుల్ బార్‌తో పాటు వించ్ ఉంటే ఇంకొకటి. మన దగ్గర 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బుల్ బార్ల మీద చర్యలు తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. అంటే హైదరాబాద్‌లో తిరిగే పికప్‌కి ముందు భాగం దాదాపు కంపెనీ బరువే. దానికి వించ్ బరువు మోయాల్సిన స్ప్రింగు వేస్తే ముక్కు ఆకాశం చూస్తుంది. కాలనీలో ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా నడుం సంగతి తెలుస్తుంది.

వెనక పట్టీల సంగతీ అంతే. ఎప్పుడూ 300 కిలోలు మోసే బండి కోసం చేసిన పట్టీని ఖాళీ డాలా కింద పెడితే తోక ఎగురుతుంది, వానలో మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది. వారాంతంలో ఒక టెంటు, ఒక కూలర్ వేసుకుని అనంతగిరి వెళ్లొచ్చేవాళ్లు తమ బండి లోడ్ బండి అనుకుంటారు. కాంటా మీద అది ఖాళీ బండే.

ఎంత ఎత్తు?

ముందు 40 నుంచి 50 మిల్లీమీటర్లు. అక్కడితో ఆగండి. ఈ బండ్ల ముందు చక్రాలకు పవర్ వెళ్లేది రెండు డ్రైవ్ షాఫ్టుల ద్వారా. ఛాసిస్ పైకి లేచేకొద్దీ అవి ఇంకా వంగి తిరగాలి. 50 దాటాక సీవీ జాయింట్ (షాఫ్టుని వంగి కూడా తిరగనిచ్చే కీలు) మీది రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి, పై ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్ తన హద్దుకి చేరుతుంది. అప్పుడు వేరే అప్పర్ ఆర్మ్‌లు, ముందు డిఫరెన్షియల్‌ని కిందికి దించే బ్రాకెట్లు అంటూ ఖర్చు పాకుతుంది.

స్పేసర్ల గురించి కూడా అడుగుతారు. స్ట్రట్ (ముందు స్ప్రింగు, షాకబ్జరు కలిసి ఉన్న సెట్) పైన పెట్టే గుండ్రటి ముక్క చవక, నిజమే. కానీ స్ట్రట్ కూర్చునేది కింది ఆర్మ్‌కి దాదాపు మధ్యలో. అందుకని పైన 25 మిల్లీమీటర్ల ముక్క పెడితే చక్రం దగ్గర దాదాపు 50 వస్తుంది. ఇది తెలియక 50 ముక్క కొనేవాళ్లున్నారు. స్పేసర్ వేస్తే స్ప్రింగూ షాకబ్జరూ పాతవే ఉంటాయి, చక్రం కిందికి వేలాడే హద్దు మాత్రం మారిపోతుంది. నా మాట వింటే డబ్బు కూడేదాకా ఆగి స్ప్రింగు, షాకబ్జరు కలిపి ఉన్న కిట్టే తీసుకోండి.

ఇంకో సంగతి. లిఫ్ట్ వేస్తే లేచేది బాడీ, ఛాసిస్, ముందు బంపర్. వెనక యాక్సిల్ హౌసింగ్ అంగుళం కూడా లేవదు, ఎందుకంటే అది చక్రాలతో పాటే ఉంటుంది. రాళ్లకు తగిలేది అదే. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం. 255/60 ఆర్18 తీసేసి 265/60 ఆర్18 వేస్తే వ్యాసం 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది, హౌసింగ్ 6 లేస్తుంది. లిఫ్ట్ వల్ల నిజంగా దక్కేది ముందు, వెనక ఎక్కే దిగే కోణం, మధ్యలో పొట్ట తగలకపోవడం, మంచి షాకబ్జర్లు.

కాగితాల పని

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలాంటి మార్పుకి యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి మీ బండికి అనుకున్న మార్పు గురించి ముందే ఆర్టీఏలో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి జవాబు తీసుకోండి. సస్పెన్షన్ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బీముల కింద వేలాడే డ్రైనేజీ పైపు ఎత్తు కూడా టేపు పెట్టి కొలవండి. డాలా మీద క్యానపీ, దానిమీద క్యారియర్ ఉన్నవాళ్లకి 50 మిల్లీమీటర్లు చిన్న లెక్క కాదు.

ఏమేం కావాలి

ఇద్దరు మనుషులు, ఒక పూర్తి ఆదివారం. ట్రాలీ జాకీ కనీసం మూడు టన్నులది, నాలుగు జాక్ స్టాండ్లు, పెద్ద సైజు సాకెట్లు, రింగ్ పానాలు, పొడుగు బ్రేకర్ బార్, పెద్ద సుత్తి, ప్రై బార్ (ఎత్తి నొక్కే ఇనుప కమ్మీ), టార్క్ రెంచ్ (నట్టుని ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా). ఇవన్నీ రాణిగంజ్‌లో ఒక్క పూటలో దొరుకుతాయి. టార్క్ రెంచ్ దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి. మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లోని టార్క్ అంకెలు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. కిట్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే ఆ భాగానికి అదే పాటించండి.

కొత్త యూ-బోల్టులు (వెనక పట్టీని యాక్సిల్‌కి కట్టి ఉంచేవి) కిట్‌లో ఉన్నాయో లేదో చూడండి. పాతవి ఒకసారి సాగాక మళ్లీ నమ్మకంగా పట్టవు. నైలాన్ ఉన్న లాక్ నట్లు కూడా కొత్తవే వాడాలి.

చోటు ముఖ్యం. చదునైన కాంక్రీటు కావాలి. ర్యాంపు వాలు, ఎండకి మెత్తబడ్డ తారు, సెల్లార్‌లో డ్రైనేజీ మూత ఉన్న చోటు పనికిరావు. వేసవి అయితే తెల్లారి ఆరింటికే మొదలుపెట్టండి. ముందు రోజు రాత్రే విప్పబోయే ప్రతి నట్టుకీ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పడుకోండి.

ముందు కొలత

చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా కొలిచి, ఆ అంకెని మాస్కింగ్ టేపు మీద రాసి అదే ఫెండర్‌కి అంటించండి. నేల నుంచి కొలవకండి, టైరు గాలి తేడాకి లెక్క మారిపోతుంది. చాలా బండ్లకి కుడికీ ఎడమకీ కొన్ని మిల్లీమీటర్ల తేడా కంపెనీ నుంచే ఉంటుంది. కొన్ని కిట్లలో డ్రైవర్ వైపు స్ప్రింగు కాస్త పొడుగు. ఆస్ట్రేలియా కిట్ మంచిదనడానికి ఇదో కారణం, అక్కడా స్టీరింగ్ కుడి వైపే. అమెరికా వీడియో చూసి వేస్తే పొడుగు స్ప్రింగు ఎడమకి వెళ్లిపోతుంది. డబ్బా మీద ఉన్న పార్ట్ నంబరు చూసి ఏది ఏ వైపో ముందే చాక్‌పీస్‌తో రాసుకోండి.

ముందు భాగం

హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టండి. చక్రం నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేయండి. జాకీతో లేపి స్టాండ్లు ఛాసిస్ రైలు కింద పెట్టండి, ఆర్మ్ కింద వద్దు. బండిని భుజంతో గట్టిగా ఊపి చూడండి. కదిలితే దించి మళ్లీ పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి తల పెట్టొద్దు.

చక్రాలు తీశాక యాంటీరోల్ బార్ (రెండు వైపుల ఆర్మ్‌లనీ కలిపే కడ్డీ) లింక్ రాడ్లు రెండు వైపులా విప్పండి. ఒక వైపు మాత్రమే విప్పితే బార్ ఆ ఆర్మ్‌ని తోస్తూనే ఉంటుంది. ఏబీఎస్ వైరు, బ్రేక్ హోసు పట్టి ఉంచిన చిన్న బ్రాకెట్లు ఊడదీయండి.

తర్వాత పై బాల్ జాయింట్. పిన్ను తీసి నట్టుని పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు ఉంచండి. స్టడ్ మీద కొట్టొద్దు. అది కూర్చున్న నకుల్ (చక్రం హబ్‌ని మోసే ఇనుప ముక్క) చెవి మీద, పక్క నుంచి, గట్టిగా రెండు దెబ్బలు వేయండి. టప్‌మని శబ్దం వచ్చి జాయింట్ వదులుతుంది, ఉంచిన నట్టు దాన్ని పట్టుకుంటుంది. అప్పుడు నకుల్‌ని తాడుతో పైకి కట్టి నట్టు తీయండి. కట్టకపోతే నకుల్ బయటికి పడి బ్రేక్ హోసు మీద వేలాడుతుంది, సీవీ జాయింట్ లోపల ఊడుతుంది.

స్ట్రట్‌ని పట్టి ఉంచేవి పైన మూడు నట్లు, కింద ఒక పెద్ద బోల్టు. కింది బోల్టు తీశాక పైవి తీయండి, చివరి నట్టు విప్పేటప్పుడు రెండో మనిషి స్ట్రట్‌ని పట్టుకోవాలి. పైన సరిగ్గా మధ్యలో ఇంకో నట్టు కనిపిస్తుంది. దాని జోలికి వెళ్లొద్దు. నొక్కి పెట్టిన స్ప్రింగు మొత్తాన్ని ఆపుతున్నది అదే. అది ఊడితే స్ప్రింగు గన్ను గుండులా వస్తుంది, ముఖం ఉంటే ముఖానికి తగులుతుంది. అందుకే స్ప్రింగు, షాకబ్జరు, టాప్ మౌంటు కలిపి ముందే బిగించి వచ్చిన స్ట్రట్ తీసుకోమంటాను. విడిగా వస్తే, గోడకి బిగించిన స్ప్రింగ్ ప్రెస్ ఉన్న వర్క్‌షాప్‌లో కలిపించుకోండి. అద్దెకి తెచ్చిన రెండు కొక్కేల కంప్రెసర్‌తో సెల్లార్‌లో ఈ పని చేయకండి.

కొత్త స్ట్రట్ పైకి పెట్టి మూడు నట్లు చేత్తో తిప్పి వదిలేయండి. కొత్తది పొడుగు కాబట్టి కింది కన్ను ఆర్మ్ కంతకి సరిపోదు. ప్రై బార్‌తో ఆర్మ్‌ని కిందికి నొక్కుతుంటే రెండో మనిషి బోల్టు దూర్చాలి. చేత్తో తిరగని బోల్టుని ఇంపాక్ట్ గన్నుతో (నట్లు బిగించే మిషన్‌తో) తిప్పితే మర పోతుంది. బాల్ జాయింట్ వేసి టార్క్ చేసి కొత్త పిన్ను పెట్టండి. పై మూడు నట్లూ టార్క్ చేయండి. కింది స్ట్రట్ బోల్టుని మాత్రం ఇప్పుడే పూర్తిగా బిగించకండి, ఎందుకో కిందికి వచ్చాక చెబుతాను. రెండో వైపు కూడా ఇలాగే చేశాక, లింక్ రాడ్లు రెండూ ఒకేసారి తగిలించండి.

వెనక భాగం

ఇక్కడ స్టాండ్లు ఛాసిస్ కింద, జాకీ యాక్సిల్ హౌసింగ్ కింద. ఒక్కో వైపే విప్పండి. రెండూ ఒకేసారి విప్పితే యాక్సిల్ ముందుకో వెనక్కో జరుగుతుంది, దాన్ని మళ్లీ కూర్చోబెట్టడానికి మధ్యాహ్నం భోజనం పోతుంది.

విప్పే వరస ఇది: షాకబ్జర్ కింది బోల్టు, యూ-బోల్టు నట్లు, షాకిల్ (పట్టీ వెనక చివరని ఛాసిస్‌కి కలిపే ఊగే ముక్క) బోల్టులు, చివరికి పట్టీ ముందు కన్ను బోల్టు. ఈ చివరిది విప్పే ముందు అది ఏ వైపుకి బయటికి రావాలో చూడండి. డీజిల్ ట్యాంకు ఉన్న వైపు బోల్టు బయటికి లాగడానికి చోటు లేకపోతే ట్యాంకు పట్టీలు వదులు చేయాల్సి వస్తుంది. పట్టీల కట్ట బరువు ఎక్కువ, ఇద్దరూ చెరో చివర పట్టుకోండి.

కొత్త కట్ట మధ్యలో పొడుచుకొచ్చిన సెంటర్ బోల్టు తల కనిపిస్తుంది. అది యాక్సిల్ సీటులోని గుంటలో సరిగ్గా కూర్చోవాలి. జాకీని ఒక్కో పంపు కొడుతూ, టార్చి వేసి ఆ తల గుంటలోకి దిగడం కళ్లారా చూడండి. గుంట అంచు మీద కూర్చుని ఉండగా యూ-బోల్టులు బిగిస్తే పైకి అంతా బాగానే కనిపిస్తుంది, కొన్నాళ్లకి యాక్సిల్ వంకర తిరిగి బండి పీతలా పక్కకి నడుస్తుంది. యూ-బోల్టుల నాలుగు నట్లూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. నాలుగింటికీ నట్టు దాటి బయటికి వచ్చిన మర ఒకే పొడవులో ఉండాలి.

ఎత్తు చాలలేదని పట్టీకీ యాక్సిల్‌కీ మధ్య చెక్క, అల్యూమినియం ముక్కలు పెట్టే మెకానిక్‌లున్నారు. ఒద్దనండి. పొడుగు షాకిల్ కూడా షార్ట్‌కట్టే. దాని పొడవు పెరిగినదాంట్లో సగమే ఎత్తుగా వస్తుంది, పైగా బండి పక్కలకి ఊగుతుంది.

తర్వాత జాకీ మెల్లగా దించి యాక్సిల్‌ని పూర్తిగా వేలాడనివ్వండి. బ్రేక్ హోసు, హ్యాండ్ బ్రేక్ కేబుల్, యాక్సిల్ బ్రీదర్ గొట్టం బిగదీసుకుంటున్నాయా చూడండి. కొన్ని పికప్పుల్లో ఛాసిస్ నుంచి యాక్సిల్‌కి ఒక సన్న రాడ్డు ఉంటుంది. వెనక ఎంత లోడు ఉందో చూసి బ్రేక్ ప్రెషర్ మార్చే వాల్వు అది. బండి లేవగానే అది డాలా ఖాళీ అనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. రాడ్డు ఉంటే దాని బ్రాకెట్ కూడా లేచినంత మేర సర్దాలి.

నేల మీదకి వచ్చాక

చాలా వర్క్‌షాప్‌లు తప్పు చేసేది ఇక్కడే. చక్రాలు గాల్లో వేలాడుతుండగా అన్నీ గన్నుతో బిగించేసి బండి ఇచ్చేస్తారు. ఆర్మ్‌లకీ పట్టీ కన్నులకీ ఉండే రబ్బరు బుష్‌లో మధ్య ఇనుప గొట్టం రబ్బరుకి అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించగానే ఆ గొట్టం బ్రాకెట్‌కి పట్టేస్తుంది. ఇక ఆర్మ్ కదిలినప్పుడల్లా మెలి తిరిగేది రబ్బరే. వేలాడుతున్నప్పుడు బిగిస్తే బండి నేల మీద నిలబడ్డ క్షణం నుంచే రబ్బరు మెలిపడి ఉంటుంది. కొన్ని నెలల్లో చిరిగి కిర్రు కిర్రు మంటుంది, బండి కూడా అనుకున్నదానికన్నా గట్టిగా, ఎత్తుగా నిలబడుతుంది. అప్పుడు తిట్లు తినేది కిట్టు.

అందుకని చక్రాలు వేసి బండి దించండి. ముందు వెనక బంపర్ మీద నిలబడి కొన్నిసార్లు ఊపండి. సెల్లార్‌లోనే నాలుగైదు మీటర్లు ముందుకీ వెనక్కీ నడపండి, చక్రాలు తమ చోటుకి వస్తాయి. ఇప్పుడు కింద దూరి ముందు స్ట్రట్ కింది బోల్టులు, ఆర్మ్ బుష్ బోల్టులు కదిపి ఉంటే అవి, పట్టీ కన్ను బోల్టులు, షాకిల్ బోల్టులు, షాకబ్జర్ బోల్టులు వరసగా టార్క్ చేయండి. చివరగా యూ-బోల్టులు మరోసారి. బిగించిన ప్రతి నట్టు మీదా పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి, నట్టు మీద నుంచి పక్క ఇనుము దాకా. రేపు నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది.

ఫెండర్ మీద టేపు పక్కనే కొత్త కొలత రాయండి. కుడి ఎడమల తేడా మొదట ఉన్నదానికి దగ్గరగా ఉంటే మంచిది. అంతకంటే బాగా ఎక్కువైతే స్ప్రింగులు తారుమారయ్యాయి, లేదా స్ప్రింగు చివర దాని సీటులో కూర్చోలేదు. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, టైరు ఫెండర్ లైనర్‌కి, హోసుకి రాసుకుంటుందేమో చూడండి.

అలైన్‌మెంట్

అదే రోజు, లేకపోతే మర్నాడు పొద్దున్నే చేయించాలి. ముందు భాగం లేపితే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన తీరు) మారుతుంది, క్యాంబర్ (చక్రం నిలువు వాలు) పాజిటివ్ వైపు, అంటే పైభాగం బయటికి పోతుంది, క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. మొదటి రెండూ టైరు తినేస్తాయి. మూడోది భయపెడుతుంది: ఔటర్ రింగ్ రోడ్డు మీద స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రాదు, లారీ పక్క నుంచి వెళ్తే బండి అటూ ఇటూ తూలుతుంది. ఊళ్లో చాలా చోట్ల టో ఒక్కటి సరిచేసి పంపేస్తారు. మీరు ముందే అడగండి: "కింది ఆర్మ్ క్యామ్ బోల్టులు విప్పి క్యాస్టర్, క్యాంబర్ సెట్ చేస్తారా?" ముందూ తర్వాతా వచ్చిన అంకెల ప్రింటు అడిగి తీసుకోండి. క్యామ్ బోల్టులు చివరి దాకా తిప్పినా క్యాస్టర్ రాకపోతే మీరు ఎక్కువ లేపినట్టు, లేదా అప్పర్ ఆర్మ్ మార్చాల్సి ఉన్నట్టు.

హెడ్‌లైట్ల వెలుగు కూడా దించాలి. ముక్కు లేచిన బండి ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లల్లో కొడుతుంది.

మొదటి 500 కిలోమీటర్లు

అదనపు లోడు వేయకుండా తిప్పండి. 500 అయ్యాక యూ-బోల్టులు, స్ట్రట్ బోల్టులు, చక్రం నట్లు మళ్లీ టార్క్ చేయండి. కొత్త పట్టీలు కుదురుకునేటప్పుడు కొద్దిగా దిగుతాయి, అప్పుడు యూ-బోల్టులు వదులవుతాయి. ఇది వాయిదా వేయకండి.

శబ్దాలు వింటుండండి. స్పీడ్ బ్రేకర్ మీద టక్ అంటే లింక్ రాడ్ లేదా స్ట్రట్ పై నట్టు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టక టక అంటే సీవీ జాయింట్. ఒక స్పీడ్ దగ్గర మాత్రం సీటు కింద వణుకు వస్తే, రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉన్న బండికి మధ్య బేరింగ్ కోణం మారిందని అర్థం. ఆ బేరింగ్ బ్రాకెట్‌కీ పైన ఛాసిస్‌కీ మధ్య సన్నటి ప్లేట్లు పెట్టి దించితే సర్దుకుంటుంది.

విప్పిన పాత స్ప్రింగులు, పట్టీలు, షాకబ్జర్లు పాత ఇనుపసామాను వాళ్లకి ఇచ్చేయకండి. కుడి, ఎడమ అని ట్యాగ్ కట్టి, నూనె రాసి, గోనెసంచిలో చుట్టి పెట్టుకోండి. బండి అమ్మేటప్పుడో, ఆర్టీఏ వాళ్లు కంపెనీ కండిషన్‌లో తెమ్మన్నప్పుడో మళ్లీ కావాల్సినవి అవే. కొత్త సెట్ విడిగా కొనాలంటే షోరూమ్ బిల్లు చూసి మనసు పాడవుతుంది.